నాటకానికి వెళ్తే తిండి సంగతేంటి: హైదరాబాద్‌లో షోకి ముందు, షో అయ్యాక

మొన్న ఆఫీసులో ఒక కుర్రాడు అడిగాడు, ఆదివారం రవీంద్రభారతిలో నాటకం ఉందట, అమ్మానాన్న ఊరి నుంచి వచ్చారు తీసుకెళ్తున్నా, తినడానికి దగ్గర్లో ఏముంది అన్నా అని. రెండు ముక్కల్లో చెప్పేద్దాం అని మొదలుపెట్టా. చేతిలో టీ చల్లారిపోయింది గానీ నా చెప్పడం అవ్వలేదు, వాడు పాపం ఫోన్ తీసి రాసుకోవడం మొదలెట్టాడు. ఎందుకంటే ఇది హోటల్ పేరు చెప్తే తీరిపోయే ప్రశ్న కాదు. మన దగ్గర నాటకం అంటే ముందు టైమ్ లెక్క తేలాలి, తిండి ఆ తర్వాత. ఆ లెక్క తప్పితే ఎంత మంచి హోటల్ పక్కనే ఉన్నా లాభం లేదు, మీరు వెళ్ళేసరికి వాళ్ళు కుర్చీలు టేబుళ్ళ మీదకి బోర్లించేసి ఫ్లోర్ కడుగుతూ ఉంటారు.

కాబట్టి మొదట చూడాల్సింది ఆ షో టికెట్ షోనా, సభ టైపా అని.

టికెట్ షో అంటే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుని వెళ్ళేది. ఏడున్నర అంటే ఏడున్నరే, మహా అయితే పది నిమిషాలు అటూఇటూ. కొన్ని గ్రూపులు తలుపులేశాక లోపలికి రానివ్వరు, మీరు బయట నిలబడి సెక్యూరిటీ ఆయనతో ఎంత వాదించినా లాభం ఉండదు. వీటికి లెక్క సులువు. గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది, తొమ్మిదిన్నరకల్లా రోడ్డు మీద ఉంటారు. అంటే సాయంత్రం కొంచెం ఏదైనా పడేసుకుని, షో అయ్యాక తీరిగ్గా భోజనం చెయ్యొచ్చు. బాధ లేదు.

సభ టైపుతోనే వస్తుంది తంటా అంతా. ఏదో ఒక సంస్థ ముందు సభ పెట్టి, ఆ తర్వాత నాటకం వేయించేది. ఎంట్రీ ఫ్రీ, ఆహ్వానం కార్డు మీద ‘సాయంత్రం 6 గంటలకు’ అని ఉంటుంది. ఆరు గంటలకి నాటకం అనుకుని మీరు ఎనిమిదింటికి డిన్నర్ ప్లాన్ చేసుకున్నారంటే అయిపోయారు. ఆరుంపావుకి జ్యోతి ప్రజ్వలన, తర్వాత ప్రార్థనాగీతం, తర్వాత అతిథులు. నేను కార్డు చేతికి రాగానే ముందు పేర్లు లెక్కపెడతా. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, సభాధ్యక్షులు, ఇలా తల ఒక్కింటికి పది నిమిషాలు. సన్మానం ఉంటే ఒక్కో శాలువాకి ఇంకో ఐదు, ఎందుకంటే ఫోటో కోసం అందరూ ఒక వైపుకి జరగాలి, ఎవరో ఒకరు కింద నుంచి పైకి పరిగెత్తుకుంటూ రావాలి, మళ్ళీ ఫోటో. ఏడు పేర్లూ రెండు శాలువాలూ ఉన్న కార్డు అంటే నాటకం తెర లేచేది ఏడున్నర తర్వాతే. ఈ లెక్క నాకు ఎప్పుడూ పావుగంట కంటే ఎక్కువ తప్పలేదు, తప్పినా ఇంకా లేటు వైపుకే తప్పింది.

అలాగని ఏడున్నరకి వెళ్దాంలే అనుకోకండి. ఫ్రీ ఎంట్రీ కదా, మంచి పేరున్న నాటకం అయితే ముందు వరసలు ఆరింటికే నిండిపోతాయి. రవీంద్రభారతిలో వెయ్యి పైన సీట్లున్నా, బాల్కనీలో కూర్చుంటే పద్యం వినపడుతుంది గానీ మొహాలు కనపడవు. మా పద్ధతి ఏంటంటే ఇద్దరు ముందు వెళ్ళి బస్సులో వేసినట్టు కర్చీఫ్ వేస్తారు, మిగతా వాళ్ళు టిఫిన్ చేసొస్తారు, వీళ్ళొచ్చాక వాళ్ళు వెళ్తారు. ఉపన్యాసాల టైమ్ ఉన్నదే అందుకు అని మా బావ అంటాడు, పైకి అనకండి.

పద్యనాటకం అయితే ఇంకో లెక్క. అందులో వన్స్ మోర్ ఉంటుంది. మంచి గొంతున్న నటుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తే జనం ఊరుకోరు, వన్స్ మోర్ అంటారు, ఆయన మళ్ళీ పాడతాడు, రెండోసారి ఇంకా సాగదీస్తాడు. రాయబారం సీనులో ఇలా నాలుగు సార్లు అయిందంటే మీ డిన్నర్ అరగంట వెనక్కి పోయింది. పది దాటుతుంది, పదకొండు కూడా అవ్వొచ్చు. దీనికి మాత్రం ముందే కడుపు సగానికి పైగా నింపుకుని వెళ్ళాలి, అయ్యాక ఏదో దొరుకుతుందిలే అన్న ధైర్యం పనికిరాదు.

నాటిక పోటీలు అయితే హాయి. ఒక్కో నాటిక గంట లోపే, రెండింటి మధ్యలో సెట్ మార్చుకోవడానికి టైమ్ తీసుకుంటారు, ఆ గ్యాప్‌లో బయటికొచ్చి టీ తాగి రావచ్చు. పరిషత్తు నాటకాలకి, అంటే ఈ పోటీలకి, అలవాటు పడ్డ పెద్దోళ్ళని చూడండి, మైక్‌లో ‘తదుపరి ప్రదర్శన’ అనగానే లేచి బయటికొస్తారు, టీ తాగి, ఇప్పుడు చూసినదాన్ని చీల్చి చెండాడి, కరెక్టుగా మూడో బెల్లుకి లోపలుంటారు.

ఇక ముందు ఏం తినాలి అన్నది. ఇందులో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

బిర్యానీ వద్దు. షోకి ముందు బిర్యానీ మాత్రం వద్దు. ఒకసారి దసరా సెలవుల్లో మధ్యాహ్నం మూడింటికి కుమ్మేసి ఆరింటికి హాల్లో కూర్చున్నా, మెత్తటి సీటు, ఏసీ, లైట్లు తీసేశారు, ఇంకేముంది. హరిశ్చంద్రుడు కాటి సీన్‌లో గుండెలు పిండేస్తుంటే నేను గురక పెడుతున్నా అట. మా ఆవిడ మోచేత్తో పొడిచిన పోటుకి లేచి చప్పట్లు కొట్టేశా, అక్కడ స్టేజి మీద చంద్రమతి ఏడుస్తోంది, ముందు వరస ఆయన వెనక్కి తిరిగి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

పెరుగన్నం కూడా అంతే, నిద్ర మందు. పూరీ వద్దు, నూనె, దాహం వేస్తుంది, నీళ్ళు తాగుతారు, తర్వాత ఇంటర్వెల్‌లో బాత్రూమ్ లైన్లో నిలబడతారు, అది తెర లేచినా కదలదు. లస్సీ కూడా ఇదే కారణానికి కట్. పచ్చి ఉల్లిపాయ తిని వెళ్ళడం గురించి నేనేం చెప్పను, పక్క సీటు వాళ్ళు చెప్తారు.

మరేం తినాలి అంటే ఇడ్లీ, ఉప్మా, ఒక దోశ, కాకపోతే రెండు బిస్కెట్లూ ఒక చాయ్. సగం కడుపు అనుకోండి. కడుపులో ఏదో ఉంది అని తెలియాలి గానీ ఎంతుంది అని తెలియకూడదు. రవీంద్రభారతి, పబ్లిక్ గార్డెన్స్ చుట్టుపక్కల ఈ సగం కడుపు పనికి లక్డీకాపూల్ వైపు టిఫిన్ హోటళ్ళున్నాయి, నాంపల్లి స్టేషన్ రోడ్డు వైపు కూడా ఉన్నాయి, సాయంత్రం నాలుగున్నర ఐదుకి వెళ్తే ఖాళీగా ఉంటాయి. ఆరు దాటితే ఆఫీసుల జనం పడతారు, సెక్రటేరియట్, ఏజీ ఆఫీసు, కలెక్టరేట్ అన్నీ ఆ పక్కనే కదా.

నా ఓటు మాత్రం రెడ్ హిల్స్‌లో కెఫే నీలోఫర్‌కి. నీలోఫర్ ఆసుపత్రి దగ్గర ఉంటుంది, 1978 నుంచి ఉంది, రవీంద్రభారతి నుంచి నడవగలిగిన దూరమే, కాకపోతే రోడ్డు దాటడం ఒక సాహసం కాబట్టి పెద్దవాళ్ళుంటే ఆటో ఎక్కండి. అక్కడ చేయాల్సింది ఇది: చాయ్ చెప్పండి, బన్ మస్కా (వెన్న రాసిన బన్ను) ఒకటి ఇద్దరికి, ఉస్మానియా బిస్కెట్లు. ఇరానీ చాయ్ మన ఇంటి టీ లాగా పాలూ ఆకూ కలిపి మరిగించేది కాదు. డికాషన్ ఒక పాత్రలో మూతేసి దమ్ మీద ఉంటుంది, పాలు వేరేగా చిక్కబడేదాకా కాగుతుంటాయి, కప్పులో అప్పటికప్పుడు కలుపుతారు. అందుకే రంగు అంత నిండుగా ఉంటుంది, పైన మీగడ కడుతుంది. కొంచెం స్ట్రాంగ్‌గా కావాలంటే పాత ఇరానీ హోటళ్ళలో ‘పౌనా’ అని చెప్పేవాళ్ళు, ఇప్పటికీ కొన్ని చోట్ల ఆ మాట అర్థమవుతుంది, కొన్ని చోట్ల కుర్ర సర్వర్లు తెల్లమొహం వేస్తారు.

బిస్కెట్ ముంచడంలో కూడా పద్ధతుంది. ఉస్మానియా మెత్తటిది, ఒకటి రెండు అని లెక్కపెట్టి తీసెయ్యాలి, మూడు అన్నారంటే సగం అడుగున ఉంటుంది, చెంచా పెట్టి వెతుక్కోవాలి. ఫైన్ బిస్కెట్ గట్టిది, పొరలు పొరలుగా ఉంటుంది, దాన్ని ఐదు దాకా ఉంచొచ్చు. షోకి ముందు ఉస్మానియా, షో తర్వాత ఫైన్, ఇది నా సొంత రూలు, దీనికి ఏ ఆధారమూ లేదు. ఇంటికి పట్టుకెళ్ళాలంటే నాంపల్లిలో సుభాన్ బేకరీ ఉంది, కాకపోతే షోకి ముందు కొనకండి, ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నాటకం అయ్యేసరికి మూత తీసే ఉంటుంది. అసలు హాల్లో తినకూడదు అది వేరే సంగతి. చీకట్లో ఒక కవరు చప్పుడు చేస్తే మూడు వరసలకి వినపడుతుంది.

ఇక్కడ పెద్దవాళ్ళ మాట ఒకటి చెప్పాలి, ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. మా అమ్మకి షుగరు. ఎనిమిదింటికి భోజనం చేయాలి, దానికి అరగంట ముందు టాబ్లెట్. సభ టైపు నాటకానికి తీసుకెళ్తే ఎనిమిదింటికి ఆవిడ మధ్య సీట్లో ఉంటుంది, పక్కన ఆరుగురిని లేపితే గానీ బయటికి రాలేదు. అందుకని ఆవిడకి ఎప్పుడూ చివరి సీటు, అంటే వరస చివర్లో నడవ పక్కన. బ్యాగులో చిన్న డబ్బాలో రెండు చపాతీలు, ఎండు కూర, ఒక అరటిపండు. ఎనిమిది అవ్వగానే లాబీలోకి తీసుకెళ్తా, బెంచీ మీద కూర్చుని పది నిమిషాల్లో తినేస్తుంది, మళ్ళీ లోపలికి. ఆవిడ దీన్ని పిక్నిక్ లాగా చూస్తుంది, నాటకం బాగోకపోతే ఆ పది నిమిషాలు ఇరవై చేస్తుంది. మీ వాళ్ళకి మందుల టైమ్ ఉంటే హోటల్‌ని నమ్ముకోవద్దు, డబ్బా పట్టుకెళ్ళండి. పిల్లలకి కూడా ఇదే మాట. సురభి నాటకానికి తీసుకెళ్ళినప్పుడు మా అన్నయ్య కూతురు స్టేజి మీద ఘటోత్కచుడు లడ్డూలు లాగించడం చూసి నాకూ లడ్డూ కావాలి అని పేచీ మొదలెట్టింది, చుట్టూ ఉన్నవాళ్ళకి మా నాటకమే ఎక్కువ నచ్చింది.

సురభి అన్నా కాబట్టి ఒక్క మాట. 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో మొదలైన కుటుంబాల నాటకం అది, ఇప్పటికీ ఆ కుటుంబాల వాళ్ళే వేస్తున్నారు. వాళ్ళ షో చూసేటప్పుడు మధ్యలో లేచి తిండికి వెళ్ళడం అన్న ఆలోచనే పెట్టుకోకండి, మీరు బయట సమోసా తింటున్న ఆ రెండు నిమిషాల్లోనే గాల్లో బాణాలు గుద్దుకుంటాయి, మంటలొస్తాయి, ఎవరో మాయమైపోతారు, తిరిగొచ్చాక పక్కవాళ్ళు ‘అయ్యో మిస్సయ్యారే’ అంటారు.

సరే, షో అయ్యింది. తొమ్మిదిన్నరో పదో అయ్యింది. ఇప్పుడెక్కడికి?

ముందు ఒక చిట్కా, నాకు దెబ్బ తగిలి తెలిసింది. ఒక హోటల్‌కి (పేరెందుకులే) ఫోన్ చేసి ఎప్పటిదాకా తెరిచుంటారు అంటే పదకొండున్నర దాకా అన్నాడు. ఎనిమిదిమందిమి పదింబావుకి వెళ్తే షట్టర్ సగం దించుంది, లోపల లైట్లున్నాయి, ‘పార్సిల్ మాత్రమే సార్’ అన్నాడు. పదకొండున్నర అన్నది పార్సిల్ కౌంటర్ టైమట. ఎనిమిది పార్సిళ్ళు పట్టుకుని కారు బానెట్ మీద పెట్టుకుని తిన్నాం, సాంబార్ కవరు మా పెద్దమ్మ పట్టుచీర మీద పగిలింది. అప్పట్నుంచి నేను రెండు ప్రశ్నలు వేర్వేరుగా అడుగుతా: కూర్చుని తినడానికి లాస్ట్ ఆర్డర్ ఎప్పుడు, పార్సిల్ ఎప్పటిదాకా. ఇంకా తెలివైన పని, ఆదివారం అయితే, జనం ఎక్కువ ఉంటే, ఇంటర్వెల్‌లో ఒకసారి ఫోన్ చేసి ఇంతమందిమి ఇన్నింటికి వస్తాం అని చెప్పడం. టేబుల్ ఆపుతారని గ్యారంటీ లేదు, కానీ మొహం మీద షట్టర్ పడదు.

మాంసం తినేవాళ్ళు, రవీంద్రభారతి నుంచి బయల్దేరితే బషీర్‌బాగ్ దాటాక కెఫే బహార్. ఆటోలో పది నిమిషాలు. బిర్యానీకి టైమ్ ఇది, షోకి ముందు కాదు అన్నానా, ఇప్పుడు తినండి. రాత్రి పది దాటాక వెళ్తే ముందు అడగాల్సింది ‘మటన్ ఉందా’ అని, చాలా చోట్ల ఆ టైమ్‌కి మటన్ అయిపోయి చికెనే మిగులుతుంది. ఇంకోటి, ఇద్దరు మామూలు మనుషులకి ఒక ఫుల్ చాలు, ఆకలి మీద నలుగురికి నాలుగు చెప్పేస్తారు, తర్వాత రెండు ఇంటికొస్తాయి. రాయలసీమ వంట కావాలంటే లక్డీకాపూల్‌లో రాయలసీమ రుచులు ఉంది, రాగిసంకటి, నాటుకోడి తరహా. రాత్రి పదింటికి సంకటి తింటే మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టుకోవాలి అది గుర్తుంచుకోండి.

శాకాహారులైతే ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్. పాత హోటలు, మా నాన్న చదువుకునే రోజుల్లో కూడా ఉంది, ఆయన్ని అక్కడ కూర్చోబెడితే దోశ రాకముందే పాత కథలు మొదలవుతాయి. ఇది కాస్త తొందరగా అయిపోయే షోలకి పనికొస్తుంది, పద్యనాటకం అయ్యాక పరిగెత్తినా అందకపోవచ్చు. హిమాయత్‌నగర్‌లో మినర్వా కాఫీ షాప్ ఉంది, ఆ వైపు ఇల్లయితే దారిలో పడుతుంది.

తిన్నాక, లేదా తినకుండానే, నేను తప్పకుండా వెళ్ళేది మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన రాతి కట్టడం, మధ్యలో గడియారం టవరు, ఇప్పుడు బాగుచేసి రాత్రిపూట లైట్లు పెట్టారు. ఆ ప్రాంగణంలో ఐస్‌క్రీమ్ కొట్లు, ఫేమస్, షా లాంటివి, పాత పద్ధతిలో పళ్ళ గుజ్జు వేసి చేస్తారు. ఎండాకాలం మామిడి, చలికాలం మొదట్లో సీతాఫలం. సీతాఫలం ఉన్న నెలల్లో మెనూ చదవకండి, టైమ్ వేస్టు, సీతాఫలం అని చెప్పెయ్యండి. బయట వేసిన కుర్చీల్లో కూర్చుని, స్టీలు చెంచాతో తింటూ, కృష్ణుడి వేషం వేసినాయనకి గొంతు లేదు, అర్జునుడే నయం, హార్మోనియం ఆయన నిలబెట్టాడు లేకపోతే పోయేది అని మాట్లాడుకుంటుంటే అసలు సగం నాటకం అక్కడే జరుగుతుంది. ఎదురుగానే కరాచీ బేకరీ ఉంటుంది, అది తెరిచుంటే చుట్టాలకి ఫ్రూట్ బిస్కెట్లు.

ఇక త్యాగరాయ గానసభ, చిక్కడపల్లి. అది చిన్న హాలు, మనుషులు మనుషులకి తెలిసిన హాలు, అక్కడికి రోజూ వచ్చేవాళ్ళుంటారు, వాళ్ళనే అడగండి ఏ గల్లీలో మిర్చిబజ్జీ బాగుందో. మెట్రో చిక్కడపల్లి స్టేషన్ గ్రీన్ లైన్‌లో ఉంది, ఒక్క స్టేషన్ అవతల ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, అక్కడ బావర్చి బిర్యానీ హోటల్. అటు సినిమా థియేటర్లు వరసగా ఉంటాయి కాబట్టి ఫస్ట్ షో వదిలే టైమ్, సుమారు తొమ్మిదిన్నరా పది మధ్య, జనం ఒక్కసారిగా మీద పడతారు. మీ నాటకం తొమ్మిదికే అయిపోతే గబగబా వెళ్ళండి, పదికి అయితే ఇంకో అరగంట అక్కడే మాట్లాడుకుని వెళ్ళండి. పెద్ద హీరో సినిమా రిలీజ్ రోజయితే ఆ వైపు అసలు తిరగొద్దు.

శిల్పకళావేదికలో షో అంటే కథ వేరు. అది రెండున్నర వేల సీట్ల హాలు, షో అయ్యాక పార్కింగ్ నుంచి కారు బయటపడేసరికే ఆకలి చచ్చిపోతుంది. నేను చేసేది, కారు తీసుకెళ్ళకుండా హైటెక్ సిటీ మెట్రో దిగి వెళ్తా, మాదాపూర్‌లో సాయంత్రం ఐదున్నరకే టిఫిన్ కాకుండా తొందర భోజనం చేసేస్తా. ఆ రోడ్లలో ఆరున్నర తర్వాత ఐటీ ఆఫీసులు వదులుతాయి, అప్పుడు హోటల్‌కి వెళ్ళి తిని టైమ్‌కి రావడం అన్నది జరిగే పని కాదు. షో బాగా లేటయితే గచ్చిబౌలిలో డీఎల్‌ఎఫ్ ఐటీ ఆఫీసుల ఎదురుగా బండ్ల లైను ఉంది, రాత్రి షిఫ్టుల వాళ్ళ పుణ్యమా అని పొద్దుపోయేదాకా తిండి దొరుకుతుంది, దోశ, ఫ్రైడ్ రైస్, మ్యాగీ, మోమోలు, అన్నీ నిలబడి తినడమే. పట్టుచీరల వాళ్ళని తీసుకెళ్ళకండి (పెద్దమ్మ సంగతి చెప్పాగా).

బంజారాహిల్స్‌లో లామకాన్ అని నాటకాలూ చర్చలూ జరిగే చోటు ఉంది, అక్కడ షో ఉంటే అసలీ గొడవే లేదు, వాళ్ళ క్యాంటీన్ అక్కడే, చెట్టు కింద సమోసా, చాయ్, దానికోసమే వెళ్ళేవాళ్ళున్నారు. ఒక్కటే జాగ్రత్త, షో మొదలవ్వడానికి పది నిమిషాల ముందు అందరూ ఒకేసారి కౌంటర్ దగ్గరికి పోతారు, మీరు అరగంట ముందు వెళ్ళండి.

క్యాలెండర్ కూడా ఒకసారి చూసుకోండి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి సగం దాకా నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్. సాయంత్రాలు ఆ రోడ్లన్నీ జామ్, ఆబిడ్స్ వైపు ప్లాన్ పెట్టుకోకుండా లక్డీకాపూల్ వైపే ఏదో ఒకటి చూసుకోండి. అసెంబ్లీ సమావేశాలప్పుడు రవీంద్రభారతి ముందు పోలీసులు, బారికేడ్లు, కారు ఎక్కడ పెట్టనిస్తారో దేవుడికెరుక, మెట్రోలో అసెంబ్లీ స్టేషన్ దిగి నడిచిపోవడం ఉత్తమం. రంజాన్ నెలలో మాత్రం పండగే పండగ. పగలు కొన్ని ఇరానీ హోటళ్ళు మూసుంటాయి కాబట్టి షోకి ముందు చాయ్ దొరక్కపోవచ్చు, కానీ ఇఫ్తార్ అయ్యాక హలీం బట్టీలు తెరుస్తారు, రాత్రి ఎంత లేటయినా ఊరు మెలకువగా ఉంటుంది. ఆ నెలలో నాటకం పదకొండింటికి అయినా దిగుల్లేదు. హలీం పైన వేయించిన ఉల్లిపాయ, నిమ్మకాయ, ఒక గిన్నె ఇద్దరికి, అంతకంటే ఎక్కువ వద్దు, అది గోధుమ, మాంసం, నెయ్యి, కడుపులో రాయిలా కూర్చుంటుంది.

మెట్రో మాట వచ్చింది కాబట్టి, లాస్ట్ ట్రైన్ టైమ్ వెళ్ళేటప్పుడే స్టేషన్‌లో చూసుకోండి. తిండి మీద ధ్యాసలో అది పోయిందంటే ఆటోవాడు చెప్పిందే రేటు. నేనైతే రాత్రి షో అయ్యాక హాలు పక్కన కాకుండా ఇంటి దారిలో, ఇంటి దగ్గర స్టేషన్ దిగాక ఉన్న హోటల్‌లో తినడానికే ఓటేస్తా, అప్పుడు ఎంత లేటయినా ఇల్లు నడిచేంత దూరం.

ఒకసారి నాంపల్లిలో ఒక ఇరానీ హోటల్‌లో, రాత్రి పదిన్నరకి, నా ఎదురు కుర్చీలో ఒకాయన కూర్చున్నాడు. పాత చెక్స్ చొక్కా, మామూలు ప్యాంటు, కానీ కళ్ళ చుట్టూ కాటుక పూర్తిగా పోలేదు, నుదుటి పైన జుట్టు మొదట్లో ఎర్రటి గీత, కిరీటం ఒరుసుకున్న గుర్తు, పై పెదవి మీద మీసం అతికించిన జిగురు ఇంకా మెరుస్తోంది. గంట క్రితం తొడ కొట్టిన దుర్యోధనుడు ఆయనే. ఆయన ముందు డబుల్ ఆమ్లెట్, రెండు బన్నులు, చాయ్, తలెత్తకుండా తింటున్నాడు. ఉండబట్టలేక అడిగా, సార్ మీరు షోకి ముందు ఏం తింటారు అని. మధ్యాహ్నం పన్నెండింటికి అన్నం, అంతే బాబూ, తర్వాత రెండు అరటిపళ్ళు, నడుంకి పటకా బిగిస్తే లోపల చోటేదీ, పైగా కడుపు నిండితే పద్యానికి దమ్ము అందదు అన్నాడు. సర్వర్‌ని పిలిచి ‘భాయ్, ఇంకో ఆమ్లెట్’ అన్నాడు. నాకు బిల్లు కట్టాలనిపించి కౌంటర్ దగ్గరికి వెళ్తే, అప్పటికే వెనక టేబుల్ మీదున్న ఇద్దరు ముసలాళ్ళు కట్టేశారట.

ఇవేవీ కుదరని రోజు ఒకటుంటుంది, నాటకం పదకొండింబావుకి వదిలి, వాన పడుతూ, ఒక్క షట్టరూ తెరిచి లేని రోజు. అందుకని మా ఇంట్లో నాటకానికి బయల్దేరే ముందు కుక్కర్లో రెండు గ్లాసుల బియ్యం పెట్టేసి వెళ్ళడం అలవాటు. పెరుగు ఫ్రిజ్‌లో ఉంటుంది, ఆవకాయ జాడీలో ఉంటుంది, చెప్పులు విప్పిన ఐదు నిమిషాల్లో పెరుగన్నం. అప్పుడు నిద్రొచ్చినా పర్లేదు.